పటములను పురుగులనుండి కాపాడుట
(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



మన యిండ్ల గోడలపై పెద్దల పటములు కలవు. వాని వెనుక పేరు, ఊరు, సంవత్సరము తెలుగున వ్రాసినవారిలో పెక్కుమంది నేడు లేరు. ఆ వ్రాత పురుగులపాలైనచో, మన మెచ్చటినుండి వచ్చితిమో పిల్లలకు చూపుటకు సాక్ష్యమే మిగులదు.

వెండివలె మెరయుచు పరుగెత్తు పురుగు కాగితమును, మైదా జిగురును కొరికి తినును. 1, 2 మిల్లీమీటర్ల పుస్తకపు పేను తేమవలన పుట్టిన బూజును మేయును. చట్రము వెనుకనున్న సందులే వీనికి ద్వారములు.

కావున పొడిగానున్న దినమున పటమును విప్పి, మెత్తని కుంచెతో దులుపవలెను. తేమ యుండగా మూసినచో బూజు లోననే పెరుగును. పటము అద్దమునకు అంటుకొనకుండ నడుమ ఆమ్లము లేని అట్టను అంచుగా కత్తిరించి యుంచవలెను. పిమ్మట అద్దము, పటము, వెనుక అట్ట, వీని అంచులను కలిపి చుట్టును అల్యూమినియపు అంటుపట్టీ వేయవలెను. పట్టీ జిగురు పటమునకు తగులరాదు. చట్రమున బిగించిన తరువాత క్రింది మూలలందు బిరడా ముక్కలంటించినచో గోడకును పటమునకును నడుమ గాలి యాడును. చెమ్మగోడపై తగిలింపరాదు, పురుగుమందు పటముపై చల్లరాదు.

మూయుటకు ముందొక పని మరువకుడు. వెనుకనున్న వ్రాతను పిల్లలచేత చదివించి, నోటుపుస్తకమున తెలుగున వ్రాయింపుడు. మేము బడిలో అక్షరములు నేర్పగలము. ఆ యక్షరములతో చదువదగిన మీ పెద్దల పేర్లను, ఊళ్ల పేర్లను మీరే యియ్యవలెను.