ఊపిరి - ఎరుక



ఈ మధ్య మన ఆలయమునకు వచ్చు గృహస్థులు కొందరు నన్నొక ప్రశ్న అడుగుచున్నారు. "ఇరుగుపొరుగువారము పదిమందిమి చేరి బౌద్ధులు చెప్పిన ధ్యానము చేయుచున్నాము. కన్నులు మూసికొని ఊపిరిని గమనించుటే అందులో పని. ఇది మన ధర్మమునకు విరుద్ధమా?" అని. తొందరపడి అవుననియో కాదనియో చెప్పదగిన మాట కాదిది.

ముందు వారు చేయునదేమో చూతము. బుద్ధుడుపదేశించిన సతిపట్ఠాన సూత్రములో దేహము, వేదన, చిత్తము, ధర్మములు అను నాలుగింటియందు ఎరుక నిలుపుట చెప్పబడినది. వేదన అనగా ఇక్కడ బాధ మాత్రమే కాదు. సుఖము, దుఃఖము, రెండును కాని అనుభవము కూడ. పాలిభాషలోని 'సతి' మన 'స్మృతి'యే. స్మృతి అనగానే మనకు మనువు, యాజ్ఞవల్క్యుడు తలపునకు వత్తురు గాని ఆ అర్థము కాదు. చేయుచున్న పనిని మఱవకుండుట. తెలుగువాడు దానిని 'ఎరుక' అని ఒక్క మాటలో చెప్పినాడు.

పతంజలి యోగసూత్రముల మొదటి పాదము చదివినవారికిది కొత్త కాదు. శ్రద్ధ, వీర్యము, స్మృతి, సమాధి, ప్రజ్ఞ అని ఆయన చెప్పిన అయిదును బౌద్ధులు పంచేంద్రియములని అదే వరుసలో చెప్పిరి. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షలును ఇరువురికి సమానమే. ఎవరినుండి ఎవరు గ్రహించిరను తగవు మనకెందుకు? ఒక భేదము మాత్రము గమనింపదగినది. సంధ్యావందనమున ప్రాణాయామము చేయునప్పుడు పూరక కుంభక రేచకములచే ఊపిరిని మనము నడిపింతుము. వారి ఆనాపాన అభ్యాసములో ఊపిరిని నడుపరు; అది ఎట్లు వచ్చి పోవుచున్నదో అట్లే తెలిసికొందురు, అంతే. చెప్పుటకు సులువు. కూర్చుండి చూడుడు, పది ఊపిరులు నిండకమునుపే మనస్సు పాలవాని లెక్కకు పోవును.

అయితే అంతయు ఒక్కటే అను మాట నేనొప్పను. ఆత్మ లేదన్నది వారి సిద్ధాంతము. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యము రెండవ అధ్యాయములో వారి మతమును గట్టిగా ఖండించిరి. బుద్ధుని దశావతారములలో చేర్చుకొన్నాము గదా యని ఆ వాదమును తుడిచివేయుట ఇరువురికిని అన్యాయమే. ఊపిరి, దేహము, తలంపులు మారిపోవుచున్నవనునంతవరకు వారితో కలిసి నడువవచ్చును; చూచువాడెవడను చోట దారులు చీలును.

ఇక అసలు చిక్కు. బర్మాలో పుట్టిన సత్యనారాయణ గోయెంకాగారు 1969లో భారతదేశమునకు వచ్చి విపశ్యన నేర్పిరి. 1976లో మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో కేంద్రము నెలకొన్నది. ఆయన 2013లో గతించినను శిబిరములు నడచుచునే యున్నవి. పది దినముల సాధన, మౌనము, రుసుము లేదు. కాని ఆ దినములలో జపము, పూజ ఆపవలెనని నియమము. ఉపనీతునకు సంధ్య నిత్యకర్మ, మానిన ప్రత్యవాయము. "గదిలో రహస్యముగా జపము చేసికొందుము లెండు" అనువారున్నారు. అది నాకు సమ్మతము కాదు. అసత్యమాడనని శీలము పట్టి, మొదటి దినముననే మోసమా? సంధ్య విడువలేనివాడు అక్కడకు పోరాదు. పోయినవాడు వారి నియమమును పాటింపవలెను. అట్టి నిత్యకర్మ లేనివారు ఇష్టదైవమునకు నమస్కరించి పోయి రావచ్చును. పది దినములు నామము పలుకనంతమాత్రమున స్వామి కోపింపడు.

ఇరుగుపొరుగు కూటమునకు ఈ చిక్కు లేదు. ప్రాతస్సంధ్య ముగించి, ఆసనము నుండి లేవకముందే అరగంట ఊపిరిని చూడుడు. సాయంకాలము కూటమునకు పోవువారు దీపారాధన వేళ తప్పకుండ చూచుకొనుడు. ముసలితల్లిని దీపము ముందు ఒంటరిగా విడిచి పోకుడు. ఆమెను కూడ వెంట తీసికొనిపోవుడు. క్రింద కూర్చుండలేకున్నచో కుర్చీ వేయుడు.