రేజరు పట్టిన వయసు



2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై చీరాలలో క్షౌరశాలలు మూతపడేనాటికి నాకు సొంతంగా గడ్డం గీసుకోవడం రాదు. పైగా గుండెజబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాను. గాటు పడితే రక్తం ఓ పట్టాన ఆగదు. రేజరు తీస్తానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు.

మా నాన్నగారి పెట్టెలో పాత సేఫ్టీ రేజరు ఉంది. ఈ రకానికి అమెరికాలో జిల్లెట్ గారు 1904లో పేటెంటు పొందారు. ఆఫీసులో సగం బ్లేడుతో పెన్సిళ్ళు చెక్కినవాణ్ణి గనుక (మీలో చాలామంది అంతే!) నాకు బ్లేడు కొత్త కాదు, చెంప కొత్త.

ముందు వేడినీళ్ళతో గడ్డం బాగా నాననివ్వాలి. ఇక్కడ తొందర పనికిరాదు. బ్రష్షుతో నురగ పట్టించే ముందు, వెంట్రుకలు ఎటు వాలి ఉన్నాయో వేలితో తడిమి చూసుకోవాలి. మెడ దగ్గర అవి పక్కకు తిరిగి ఉంటాయి. ఎడమచేత్తో చర్మం బిగించి (మన ముడతలకు ఇది మరీ ముఖ్యం), బ్లేడును సుమారు 30 డిగ్రీల వాలున ఆనించి, వెంట్రుక వాలు వెంటే కొంచెం కొంచెంగా లాగాలి. నొక్కకూడదు, రేజరు బరువు చాలు. చివర చన్నీళ్ళు, పటిక.

చెయ్యి వణికేవారు దీని జోలికి పోవద్దు, ఎలక్ట్రిక్ షేవరు మేలు. గాటుకు భయపడి మాత్రలు మాత్రం మానకండి. వాడిన బ్లేళ్ళు చెత్తలో పడేస్తే పారిశుధ్య కార్మికుల చేతులు తెగుతాయి. రేకు డబ్బాలో వేసి మూత బిగించండి.

షాపులు తెరిచాక మా క్షురకుడు నా చెంప చూసి, "బాగానే నేర్చారు, మరి నా సంగతేందండీ?" అన్నాడు. క్రాపుకు ఇప్పటికీ ఆయన దగ్గరికే వెళుతున్నాను.