మాట లేని పాట



అటక మీద పాతగుడ్డలో చుట్టిపెట్టిన ఒక పొడవాటి చెక్కపెట్టె మీలో కొందరి ఇళ్ళలో ఉండే ఉంటుంది. పైన తీగలు, వాటి మీద టైపు మిషనుకు ఉన్నట్టు గుండ్రటి బటన్లు. కొందరు బుల్‌బుల్ అంటారు, కొందరు బెంజో అంటారు. మహారాష్ట్ర వైపున్న మనవాళ్ళకు బెంజో పార్టీ అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. అమెరికా వారి బాంజోకూ దీనికీ మాత్రం చుట్టరికం లేదు, పేరొక్కటే కలిసింది.

దీని పుట్టిల్లు జపాను. నగోయా పట్టణంలో మొరితా గొరో అనే ఆయన 1912లో టైపు మిషను పద్ధతిని తీగల వాద్యానికి జతచేసి దీన్ని తయారుచేశాడు. ఆ ఏడాదే అక్కడ తైషో శకం మొదలైంది కనుక తైషోగోతో అన్నారు. మన దేశానికి వచ్చి బుల్‌బుల్ తరంగ్ అయింది. బెలూచిస్తానులో మరింత పెద్దదై బెంజు అయింది.

ఎడమచేత్తో బటను నొక్కాలి, కుడిచేత్తో తీగ మీటాలి. కొన్ని తీగలు పాటకు, మిగిలినవి శ్రుతికి. నేర్చుకోవడం సులువే. మరి ఘంటసాల వారి పాటను దీని మీద పలికించాలంటే? గొంతు ఒక స్వరాన్ని ఎంతసేపైనా పట్టి ఉంచగలదు. ఈ తీగ మీటిన క్షణానికే నీరసపడిపోతుంది. అందుకని వాయించేవాడు ఒకే స్వరాన్ని గబగబా ముందుకూ వెనక్కూ మీటుతూ నిలబెడతాడు. గమకం సంగతి ఇంకా కష్టం. బటను తీగను ఒకే చోట పట్టుకుంటుంది, జారనివ్వదు. హార్మోనియం మీద కూడా ఈ అభియోగమే మోపి 1940లో ఆలిండియా రేడియో దాన్ని బహిష్కరించింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. మా రేడియో వాళ్ళ పట్టుదల అలాంటిది! బుల్‌బుల్ వాద్యకారుడు గమకాన్ని వదులుకుని, దాన్ని చిన్న చిన్న స్వరాలుగా విరిచి వాయిస్తాడు. పాట అదే, నడక వేరు. హుషారైన పాటలకు ఇది చక్కగా నప్పుతుంది. పద్యాల జోలికి మాత్రం పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇలా వేషం మార్చుకోవడం పాటలకు కొత్తేమీ కాదు. 1954లో వచ్చిన హిందీ 'నాగిన్' చిత్రంలో మనం విన్న నాగస్వరం అసలు నాగస్వరం కాదు. కల్యాణ్‌జీ క్లావియొలిన్ అనే విద్యుత్ వాద్యం మీద పుట్టించిన ధ్వని అది. దాన్ని మళ్ళీ పెళ్ళి బ్యాండుల వాళ్ళు క్లారినెట్టు మీదికి ఎక్కించారు. పాములవాడి బూర ఎక్కడ, క్లారినెట్టు ఎక్కడ!

ఇక మన సంగతికి వద్దాం. 1955 నాటి 'మిస్సమ్మ'లో సాలూరి రాజేశ్వరరావు గారు కట్టిన బృందావనం పాట మీకందరికీ తెలుసు. అదే వరుస తమిళ 'మిస్సియమ్మ'లో ఉంది, 1957 నాటి హిందీ 'మిస్ మేరీ'లోనూ ఉంది. హోసూరు పెళ్ళిపందిట్లో ఎవరైనా దాన్ని బుల్‌బుల్ మీద వాయిస్తే తెలుగు చుట్టానికి తెలుగు వినిపిస్తుంది, తమిళ చుట్టానికి తమిళం. మాట తీసేశాక ఎవరి మాట వాళ్ళు నింపుకుంటారు. రెండు భాషల నడుమ బతికే మనకు ఇంతకంటే హాయి ఏముంది?

కానీ ఇందులోనే ఒక చిక్కు ఉంది. మన పిల్లలు బళ్ళారిలో కన్నడ బడికి, రాయగడలో ఒడియా బడికి వెళ్తున్నారు. వరుస వాళ్ళకు వస్తుంది. ఈల వేస్తారు, ఫోనులో పెట్టుకుని వింటారు. మాటలు అడిగితే దిక్కులు చూస్తారు. నింపుకోవడానికి లోపల మాట ఉన్నవాడికే మాట లేని పాట నిండుగా ఉంటుంది. లేనివాడికి అది వట్టి వరుస.

అందుచేత ఒక పద్ధతి చెబుతాను, వీలైతే చేసి చూడండి. పల్లవి బుల్‌బుల్ మీద వాయించి ఆపండి. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఆ పల్లవిని నోటితో పాడాలి. తరువాత చరణం వాయించండి, ఈసారి పిల్లల చేత పాడించండి. మధ్యలో మాట తడబడితే వాద్యం ఆగి కాచుకోవాలి, దాటిపోకూడదు.

ముందు ఆ పెట్టెను అటక దింపండి. తుప్పుపట్టిన తీగలన్నీ ఒక్కసారే విప్పేయకండి. ఒకటి విప్పి, అంతే మందం తీగ వేసి, తరువాత రెండోది విప్పండి. ఏ తీగ ఎక్కడిదో తారుమారు కాదు. బటన్ల కింది స్ప్రింగులు బిగుసుకుపోయి ఉంటే మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. నూనె మాత్రం పోయకండి, దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటాయి. పిల్లలకు బటన్ల పక్కన స రి గ మ లు తెలుగులోనే రాసి అంటించండి.