మెదడు – బహుభాషాభ్యాసము



శరీరమునకు మెదడు కచేరి వంటిది. దాని బరువు సుమారు 1,400 గ్రాములు మాత్రమే. పెద్దమెదడు ఆలోచనకు, భాషకు, జ్ఞాపకమునకు స్థానము. చిన్నమెదడు నడకను, ఒడలి నిలుకడను దిద్దును. అడుగుభాగము ఊపిరిని, గుండెను కనిపెట్టుకొని యుండును. మెదడునుండి 12 జతలు, వెన్నుపామునుండి 31 జతలు నాడులు బయలుదేరి వార్తలను తెచ్చుచు, ఆజ్ఞలను కొనిపోవుచుండును.

వార్ధక్యమున ఈ కచేరికి మతిమరుపు వ్యాధి సోకుట కలదు. హైదరాబాదు నిమ్స్ వైద్యశాలలో డాక్టరు సువర్ణ అల్లాడి ప్రభృతులు అట్టి రోగులను 648 మందిని పరిశీలించి, 2013లో ఫలితములు ప్రకటించిరి. రెండు లేక అంతకు మించిన భాషలు మాట్లాడువారికి ఆ వ్యాధి, ఒకే భాష ఎరిగినవారికంటె సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా పొడసూపినది. చదువురానివారియందును ఈ భేదము కనబడుట విశేషము. వ్యాధి రాదని దీని అర్థము కాదు, ఆలస్యమైనదని మాత్రమే. ఒక భాష పలుకునప్పుడు రెండవదానిని అదుపున నుంచుట మెదడునకు నిత్యసాధనమని పండితుల ఊహ.

మరపు ముదిరిన పెద్దలను 'వయసు మీరినది' అని విడువక వైద్యునకు చూపవలెను.

పిట్లం మహారాష్ట్ర, కర్ణాటకములకు చేరువ. తెలుగుతోబాటు ఉర్దూ, మరాఠీ, కన్నడము ఈ ప్రాంతమున వినవచ్చుచునే యున్నవి. పొరుగుభాషను హేళనచేసి పిల్లలచేత మాన్పించుట చేతిలోని ధనమును పారవైచుటయే. గ్రంథాలయమున తెలుగు గ్రంథముల ప్రక్కన ఆ భాషల పుస్తకములకును ఒక బీరువా ఏర్పడుగాక! తాతలు చదువగా మనుమలు విందురుగాక!