పెయింట్‌బాల్ మొదటిసారి ఆడుతున్నారా? గురి కన్నా ముందు నేర్చుకోవాల్సింది ఇది

ఈరోజు వీడియో మైపాడు బీచ్ పక్కన సర్వి తోపులో కూర్చుని చేస్తున్నా. వెనకాల ఆ హోరు సముద్రంది, మైక్ ప్రాబ్లం కాదు.

"అన్నా, మొదటిసారి పెయింట్‌బాల్‌కి పోతున్నాం, ఏం చూసుకోవాలి?" అని చాలామంది అడిగారు. చెప్తా. చివర్లో నేను చేసిన తప్పు కూడా ఒకటి చెప్తా.

చిన్నప్పుడు ఇట్లాంటి తోపుల్లోనే మేం దొంగా పోలీసు ఆడేవాళ్లం. చేతివేళ్లే తుపాకీ. "డిష్యుం! నువ్వు చచ్చావురా" అంటే, "నాకు తగల్లేదు పోరా" అనేవాడు అవతలోడు. ఆ తగువు ఎప్పటికీ తెగేది కాదు. చీకటి పడి ఎవరో ఒకరి అమ్మ కేకేస్తేనే ఆట ఆగేది. పెయింట్‌బాల్ గురించి మొదటిసారి విన్నప్పుడు, ఆ తగువు తీర్చే ఆట ఇదే అనుకున్నా. తగిలితే రంగు పడుద్ది, ఇంక వాదించేదేముంది?

ఈ ఆట పుట్టింది అమెరికాలో. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో హెనికర్ అనే ఊరి దగ్గర, అడవిలో 12 మంది ఆడారు. వాళ్ల చేతిలో ఉన్నవి అసలు ఆట వస్తువులే కాదు, చెట్లకి, పశువులకి దూరం నుంచి రంగు గుర్తు వేసే పిస్తోళ్లు. అందుకే ఇప్పటికీ దాన్ని మార్కర్ అంటారు. ఆ రోజు గెలిచింది రిచీ వైట్ అనే ఫారెస్టర్. ఎన్ని షాట్లు కొట్టి గెలిచాడో తెలుసా? ఒక్కటి కూడా కొట్టలేదు! చప్పుడు కాకుండా తిరిగి జెండాలన్నీ తెచ్చేసుకున్నాడు. కాబట్టి "నాకు గురి లేదే" అని భయపడాల్సిన పనే లేదు.

ఇప్పుడు అసలు విషయాలు.

ఒకటి, మాస్క్. మామూలుగా వాడే బాల్ 0.68 అంగుళాలు, అంటే దాదాపు 17 మిల్లీమీటర్లు. పైన జెలటిన్ పొర, లోపల నీళ్లతో కడిగితే పోయే రంగు. వినడానికి మెత్తగానే ఉంటుంది. కానీ చాలా గ్రౌండ్లలో వేగానికి పెట్టే పరిమితి సెకనుకి 300 అడుగులు. లెక్కేస్తే గంటకి 330 కిలోమీటర్లు! ఒంటికి తగిలితే చురుక్కుమని ఎర్రగా కమిలిపోద్ది, నాలుగు రోజుల్లో తగ్గిపోద్ది. కంటికి తగిలితే మాత్రం చూపే పోవచ్చు. మాస్క్ లోపల ఆవిరి పట్టేసి ఏమీ కనబడదు, నాలాగా కళ్లజోడు ఉంటే ఇంకా కష్టం. అయినా గ్రౌండ్‌లో ఉన్నంతసేపు ఎత్తొద్దు. రెఫరీని పిలవండి, బయటికొచ్చాక తుడుచుకోండి.

రెండు, బట్టలు. వదులుగా ఉండే ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ప్యాంటు, బూట్లు. చెప్పులతో పోవద్దు.

మూడు, మార్కర్. కొట్టేటప్పుడు తప్ప ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. గ్రౌండ్ దాటగానే గొట్టానికి కవర్ తొడగాలి.

నాలుగు, దాక్కోవడం. డ్రమ్ము పైనుంచి తల ఎత్తి చూస్తే తలే దొరుకుద్ది. పక్క నుంచి కొంచెమే చూడండి. ఒకే చోట కూర్చోవద్దు. మీ టీమ్‌తో అరిచి మాట్లాడండి, సిగ్గుపడితే ఓడిపోతారు.

ఇంకో మాట, మన సముద్రం పక్క వాళ్లకి. జెలటిన్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. బాల్స్ డబ్బా తెరిచి పెడితే అవి ఉబ్బి మార్కర్‌లో ఇరుక్కుంటాయి. గట్టిగా మూత పెట్టాలి.

అయిదు, అన్నిటికన్నా ముఖ్యమైనది. బాల్ మీ మీద పగిలి రంగు పడితే మీరు అవుట్. పగలకుండా ఎగిరిపోతే అవుట్ కాదు. అవుటయితే చెయ్యెత్తి "హిట్" అని మీరే చెప్పి, మాస్క్ తీయకుండా బయటికి నడవాలి. రెఫరీ ఉంటాడు గానీ, ప్రతి డ్రమ్ము వెనకాలా ఉండడు కదా.

నా తప్పు ఇక్కడే.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు టీమ్ ఔటింగ్‌కి పోయాం. కొత్తగా చేరిన ఒక కుర్రాడు ఎదుటి టీమ్‌లో ఉన్నాడు. వాడిది కావలి వైపు, అందుకని నా వెంటే "అన్నా, అన్నా" అని తిరిగేవాడు. ఆఖరి ఆటలో మేమిద్దరమే మిగిలాం. వాడు కొట్టిన బాల్ నా మోచేతికి తగిలింది. చూసుకుంటే రంగు. చుట్టూ చూశా, ఎవరూ లేరు. తడి మట్టికి రుద్ది తుడిచేశా. వాడు నేను చెయ్యెత్తుతానని కొంచెం లేచి చూస్తున్నాడు. అప్పుడు కొట్టా. వాడు వెంటనే "హిట్" అని చెయ్యెత్తి నడుచుకుంటూ పోయాడు.

అందరూ నన్ను ఎత్తుకున్నారు. వాడు నా దగ్గరికొచ్చి "నాది పగల్లేదేమో కదన్నా" అన్నాడు. నేను "అవున్రా, ఎగిరిపోయింది" అన్నా.

ఆఫీసులో అదే కుర్రాడికి, కోడ్‌లో తప్పు చేస్తే దాచొద్దు, ముందు నువ్వే చెప్పు అని నేర్పింది నేను. ఆ రోజు తర్వాత ఆ మాట వాడికి మళ్లీ చెప్పలేకపోయా.

మొన్న ఈ వీడియో రాసుకుంటూ వాడికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకు రంగు కనబడిందన్నా. మీరే చెప్తారని చూశా" అన్నాడు.

సారీ చెప్పా. సంక్రాంతికి వాడు ఊరికొస్తున్నాడు. ఇదే తోపుకి రమ్మన్నా.

మీకు అనుమానంగా ఉంటే "పెయింట్ చెక్" అని అరవండి, రెఫరీ వచ్చి చూస్తాడు. అనుమానం లేకపోతే చెయ్యెత్తండి. పది నిమిషాల్లో ఇంకో ఆట మొదలవుద్ది.

ఉంటా ఫ్రెండ్స్. మాస్క్ మాత్రం తీయొద్దు.