మార్పులు చేసిన యింటి విక్రయము



ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మనవారి మాట. ఇల్లు అమ్మి చూడుమని వారేల అనలేదో కాని, అదియు సులభమైన పని కాదని నాకు స్వానుభవము వలన తెలిసినది. ఆ సంగతియే నేడు మనవి చేసెదను.

మా తాతగారి నాటి దస్తావేజులో మాది పెంకుటిల్లు. తరువాత మా తండ్రిగారు వీథి వసారాకు గోడలు పెట్టించి గదిగా మార్చిరి. పిమ్మట నేను వెనుక భాగమున పెంకులు తీయించి మిద్దె వేయించితిని. దూలముల నొక ప్రక్క పొరుగువారి గోడపై ఆనించితిని. పొరుగింటి పెద్దాయన "వేసికో నాయనా, గోడ మన యిద్దఱిది గదా" అనెను. ఆ మాటకు కాగితము లేదు. పంచాయతీ అనుమతి కోరవలెనన్న తలంపే నాకు కలుగలేదు.

2011లో ఆ యింటిని ఒక ఉపాధ్యాయునకు విక్రయించితిని. దస్తావేజు లేఖరి "ఈ మార్పులన్నియు వ్రాయనేల? పాత వివరములే ఉంచి, ముందు ఏ తగవు వచ్చినను నష్టము మీరే భరించునట్లు ఒక వాక్యము చేర్చిన చాలును" అనెను. నాకును అదియే హాయిగా తోచినది. ఆయన అడుగలేదు, నేను చెప్పలేదు.

నాలుగేండ్లకు పొరుగింటి పెద్దాయన గతించెను. ఆయన కుమారులు పాత యిల్లు పడగొట్టి క్రొత్తది కట్టబూనిరి. గోడ పూర్తిగా తమదేనని వారి పత్రములలో నున్నది. మిద్దెకు ఆధారము తొలగెను. ఉపాధ్యాయుడు ఆలుబిడ్డలతో మూడు నెలలు బాడుగ యింట నుండెను. కుమార్తె వివాహమును స్వగృహమున చేయలేకపోయెను. నేను వ్రాసిన వాక్యము ప్రకారము క్రొత్త గోడకైన ఖర్చంతయు ఇచ్చితిని. ఆయన సొమ్ము పుచ్చుకొని "అయ్యా, ముందే ఒక్క మాట చెప్పియుండిన ధర తగ్గించి అడిగెడివాడనే కాని, కొనుట మానెడివాడను కాను గదా" అనెను. నాకు బదులు తోచలేదు.

1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము, 55వ సెక్షనులో ఈ ధర్మమే యున్నది. ఆస్తియందు గాని హక్కునందు గాని ముఖ్యమైన లోపముండి, అది అమ్మువానికి తెలిసి, కొనువాడు సామాన్య శ్రద్ధతో కనుగొనలేనిదైనచో, వేరు ఒడంబడిక లేనంతవరకు అమ్మువాడే దానిని తెలుపవలెను. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము, 124వ సెక్షను నష్టమును పూడ్చెదనను హామీని గుర్తించుచున్నది. కాని ఇచ్చినవాని స్తోమత యెంతో ఆ హామీ విలువయు నంతే.

ఇంగ్లండు దేశమున ఇట్టి హామీని భీమా కంపెనీలే యిచ్చును. అనుమతి పత్రములు లేని పాత మార్పులున్నచో, ఒకేసారి ప్రీమియము కట్టి పాలసీ తీసికొందురు. స్థానికాధికారులు చర్య తీసికొనినచో కలుగు నష్టమునకు అది పనికివచ్చును. గోడ బలహీనమైనచో దానిని బాగుచేయించుటకు పనికిరాదు. అధికారులకు ముందుగా సంగతి తెలిపినచో పాలసీ దొరకకపోవుటయు కలదు. అనగా అది కాగితపు లోటునకే గాని కట్టడపు లోటునకు మందు కాదు.

కావున అమ్మదలచినవారు ముందుగా లింకు దస్తావేజులన్నియు ఒకచోట చేర్చుడు. పోయినవానికి సబ్ రిజిస్ట్రారు కచేరీలో నకళ్లు తీసికొనుడు. ఈ.సీ.లో రిజిస్టరైన లావాదేవీలే కానవచ్చును, నోటిమాటలు కానరావు. ఇంటిపన్ను రసీదు కట్టడపు అనుమతి కాదు. ఇల్లు నేడెట్లున్నదో కొలిపించి, పటము గీయించి, ఏ మార్పు ఎప్పుడు జరిగినదో, దేనికి అనుమతి కలదో, దేనికి లేదో కొనువానికి చెప్పి దస్తావేజులో వ్రాయించుడు. పొరుగువారి గోడపై హక్కున్నచో దానిని వ్రాయించి రిజిస్టరు చేయించుడు.

హామీ వాక్యము వలదని నేననను, ఉండనిండు. కాని చెప్పవలసిన సంగతిని దాని చాటున దాచకుడు. మీ యింట మార్పులు చేసినవారును, సరేయన్న పొరుగువారును జీవించియుండగనే ఆ కాగితములు వ్రాయించి పెట్టెలో భద్రపరచుడు.

సెలవు.