కాలు ముట్టకుండా కాళ్ళవాపు తెలియదు

(ఏజెన్సీ గ్రామాల కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు 2014 దాకా ఖమ్మం జిల్లావే. పోలవరం పేరు మీద వాటిని ఆంధ్రలో కలిపారు. 2016లో అక్కడి కోయ గూడేల్లో మనుషులకు కాళ్ళు వాచినయి. ఆయాసం వచ్చింది. కొందరు చనిపోయారు. రోగులను ఘాట్ రోడ్డు మీదుగా కాకినాడ పెద్దాసుపత్రికి తరలించారు. కిడ్నీలన్నారు, రక్తం లేదన్నారు, తిండి అన్నారు, నీళ్ళన్నారు. పత్రికలు 'కాళ్ళవాపు వ్యాధి' అని రాసినయి.

కాళ్ళవాపు రోగం పేరు కాదు, రోగం ఆనవాలు. గుడిసె మీద పొగ కనబడితే ఏం కాలుతున్నదో లోపలికి పోయి చూడాలె గదా! ఇదీ అంతే.

బొటనవేలితో కాలు నొక్కి కాసేపు పట్టి ఉంచితే గుంట పడుతుందా? రెండు కాళ్ళా, ఒక్క కాలా? బోదకాలు ఎక్కువగా ఒక కాలికి వస్తది, ముదిరితే గట్టిపడతది. పొద్దున లేవగానే కళ్ళకింద ఉబ్బి, మూత్రం నురగ పోతుంటే కిడ్నీని అనుమానించాలె. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటే గుండె సంగతి చూడాలె. పొట్ట ఉబ్బి కళ్ళు పచ్చబడితే కాలేయం. కనురెప్ప లోపల తెల్లగా పాలిపోతే రక్తహీనత. ఇవి అనుమానాలే. రక్తం, మూత్రం పరీక్ష చేస్తేనే తేలుతది.

ఇంకొకటి చాలామంది మరిచిపోతరు. అది బెరిబెరి. 1890లలో జావా దీవిలో ఐక్‌మన్ అనే డాక్టరు, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవటం చూశాడు. తవుడు కలిపి పెడితే అవి లేచి నడిచినయి. తవుడులో ఉన్నది బి-1 విటమిన్. అది లేకపోతే మనిషికి గుండె బలహీనపడి కాళ్ళు వాస్తయి. పాలిష్ బియ్యం, గంజి వార్చటం, పక్కన పప్పు లేకపోవటం మన ఇళ్ళల్లో కొత్తవా? సారా కూడా బి-1ను దెబ్బతీస్తది. కాబట్టి 'తాగుబోతు' అని చీటీ మీద రాసి పంపించేస్తే కుదరదు. తాగేవాడికే ఆ మందు ఎక్కువ అవసరం. బెరిబెరి అని అనుమానమొస్తే బి-1 ఇంజెక్షన్ వెంటనే ఇవ్వాలె. మనిషి తేరుకుంటే ఆ తేరుకోవటమే రోగం ఏదో చెప్తది.

ఒకే మనిషిలో రెండు మూడు రోగాలు కలిసి ఉండొచ్చు. మన దగ్గర మలేరియా పరీక్షలో 'ఉంది' అని వస్తే అక్కడితో ఆగిపోతరు. మలేరియాకు మందు ఇవ్వాల్సిందే. కానీ వాపు ఎందుకొచ్చిందో అది ఒక్కటే చెప్పదు. ఏండ్ల తరబడి రక్తం లేనివాళ్ళకు ఐరన్ గోళీలు ఇచ్చి ఊరుకుంటరు. ఆదివాసుల్లో సికిల్ సెల్ ఉంది. దాన్ని ఐరన్ నయం చెయ్యదు. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ రక్తపరీక్ష అడిగి చేయించుకోవాలె.

ఇక మనవాళ్ళ సంగతి. సెలైన్ పెడితేనే వైద్యం అనుకుంటం. కాళ్ళు వాచి ఆయాసపడే మనిషికి అక్కరలేని సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికొస్తది. ఒళ్ళునొప్పులకు ఊళ్ళో వేసే నొప్పి సూదులు దెబ్బతిన్న కిడ్నీని ఇంకా చెడగొడతయి. ఏ సూది పడ్డదో పెద్దాసుపత్రిలో దాచకుండా చెప్పాలె.

సగం రోగం రోగి మాటల్లోనే తెలుస్తది. కోయ భాష తప్ప రాని ముసలమ్మను తెలుగులో రెండు ముక్కలు అడిగి వదిలేస్తే ఆ సగం పోయినట్టే. భాష వచ్చినవాళ్ళు వెంట పోవాలె. ఎన్నడు మొదలైంది, ఏం తింటున్నరు, మూత్రం ఎంత పోతున్నది, ఏ మందులు వాడిండ్రు అనే నాలుగు సంగతులు కాగితం మీద రాసుకుపోవాలె.

ముట్టి చూడటం వైద్యంలో మొదటి పరీక్ష. తరతరాలుగా మనల్ని ముట్టని దేశం ఇది. దూరం నుంచి చూసి రాసిన చీటీ మాల, మాదిగ వాడలకూ, కోయ గూడేలకూ చాలదు. "అయ్యా, ఒకసారి కాలు నొక్కి చూడండి" అని నిలబడి అడగాలె. అది బతిమాలుకోవటం కాదు, హక్కు. వైద్య రికార్డు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నిబంధన ఉంది. చావు కాగితం మీద 'గుండె ఆగింది' అని రాస్తే ఒప్పుకోవద్దు. గుండె ఆగని చావు ఎక్కడుంది? ఎందుకాగిందో రాయమనాలె.

ప్రతి ఊళ్ళో ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరికి ఏ తేదీన వాపు వచ్చిందో రాయండి. ఒకే గూడెంలో ఇద్దరు కనబడితే మూడోవాడి కోసం ఆగకండి. ఏ.ఎన్.ఎం.కు, పి.హెచ్.సి. డాక్టరుకు ఆ రోజే చెప్పండి.